సక్కుబాయమ్మ పాట, లింగమూర్తి గారి బండి

కొండాపూర్‌లో మా ఇంటి ఓనరు లింగమూర్తి గారు కంప్యూటర్‌ని కంప్యూటర్ అనేవారు కాదు, బండి అనేవారు. ఉద్యోగం ఉన్నంత కాలం ఆర్టీసీ బస్సు తోలిన మనిషి. స్విచ్ వేయగానే గుర్రుమని, కాసేపు వణికి, ఆ తర్వాత కదిలేది ఏదైనా ఆయన లెక్కలో బండే. అది కదలకపోతే తప్పు బండిది కాదు, మన భక్తిది.

నిజానికి నేను చెప్పబోయేది ఆయన భార్య సక్కుబాయమ్మ గురించి. కానీ ఆ ఇంట్లో ఏ సంగతి చెప్పాలన్నా ముందు లింగమూర్తి గారు అడ్డంగా కూర్చుని ఉంటారు. ఆయన్ని దాటి వెళ్ళడం మా కిరాయిదార్లకే కాదు, నాకు కథ చెప్పేటప్పుడు కూడా కుదరడం లేదు.

డిపోలో దసరాకి బస్సులకు పూజ చేస్తారు. కడిగి, బంతిపూల దండలు వేసి, పసుపు కుంకుమలు అద్ది, గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు తోలతారు. లింగమూర్తి గారు రిటైరయ్యాక దండ వేయడానికి బస్సు లేకుండా పోయింది. కొడుకు కుమార్ చదువుకునే రోజుల్లో కొన్న కంప్యూటర్ ముందుగదిలో ఒక మూల ఖాళీగా కూర్చుని ఉంది. కుమార్‌కి నిజామాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చి దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. ఇంకేం, దానికి యోగం పట్టింది. దసరాకే కాదు, ప్రతి శుక్రవారం దాని నేలమీది డబ్బాకి మూడు వైపులా పసుపు, కుంకుమ, మూరెడు మల్లెపూలు, ముందు వైపు గాలి కన్నాలకు ఎదురుగా గుత్తెడు అగరుబత్తులు. మౌసు కింద నిమ్మకాయ పెట్టబోతే మాత్రం కుమార్ ఫోన్లో బతిమాలుకుని ఆపాడట.

పూజ అయ్యాక దానికి ముసుగు. పాత చీర అంచుతో లేసు కుట్టిన కవరు, డబ్బాకి ఒకటి, తెరకి ఒకటి. బండి నడుస్తున్నప్పుడు కూడా డబ్బా కవరు తీయకూడదు, దుమ్ము పడుతుంది. స్విచ్ నొక్కడానికి మాత్రం కొస ఎత్తి వేలు లోపలికి పోనిచ్చేవారు. ఆ ఇంట్లో ఆడవాళ్ళెవరికీ లేని పరదా ఆ డబ్బాకి ఉండేది.

ఇంకొకటి, సీలు. డబ్బా పక్క రేకు, వెనక రేకు కలిసే చోట దాన్ని అమ్మినవాడు చిన్న కాగితం అంటించాడు. చింపితే గ్యారంటీ చెల్లదని దాని మీద ఉంది. ఆ గ్యారంటీ కుమార్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసేలోపే అయిపోయింది. అయినా లింగమూర్తి గారికి సీలంటే సీలే. బస్సు డీజిల్ పంపుకి సీలు ఉంటుంది, అది తెగితే డ్రైవరుకి సస్పెన్షన్. సర్వీసంతా ఒక్క సీలూ తెగకుండా తోలానని ఆయన ఎవరు దొరికితే వారికి చెప్పేవారు. కంప్యూటర్ సీలు మీద కూడా ఒక బొట్టు ఉండేది.

ఇక సక్కుబాయమ్మ. శంకర్‌పల్లి వైపు నుంచి కొండాపూర్‌కి కోడలిగా వచ్చేసరికి ఇక్కడ అద్దాల మేడలు లేవు, జొన్న చేలు ఉన్నాయి. ఆమె కలుపు తీసిన చేలో ఇప్పుడు నేను లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తులో కూర్చుని ఎవరో విదేశీ బ్యాంకు వెబ్‌సైటులో తప్పులు వెతుకుతాను. చేలు పోయాక ఆమె బర్రెలు పెట్టి పాలు పోసింది. మేడలు లేచాక పాలు ప్యాకెట్లలో రావడం మొదలై బర్రెలూ పోయాయి. చివరికి మిగిలింది ఇల్లు, ఇంటి పైన మేము.

పోనిదల్లా ఆమె గొంతు. బతుకమ్మ వచ్చిందంటే కొండాపూర్ పాత బస్తీలో పాట ఎత్తుకునేది సక్కుబాయమ్మే. అందరూ పాడే పాటలు కాక ఆమెకి సొంత పాట ఒకటి ఉండేది, పేర్ల పాట. బస్తీలో బతికి పోయిన ఆడవాళ్ళ పేర్లన్నీ అందులో ఉంటాయి. ఎవరు ఏ చేలో నవ్వింది, ఎవరు ఏ బావి దగ్గర ఏడ్చింది, అన్నీ. ఏడాదికి ఒకటో రెండో చరణాలు కలిపేది. ఆమె పాడుతుంటే చుట్టూ తిరిగే ఆడవాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటే చాలు. అందుకే మిగతా పాట ఎవరికీ రాదు. సక్కుబాయమ్మ ఉండగా మనకెందుకు ఫికర్ అనుకున్నారు.

రెండు వేల పది చలికాలంలో ఆమె మెడలో గడ్డ లేచింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ సక్సెస్ అని డాక్టరు చెప్పాడు. నిజమే, గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. అప్పటి నుంచి ఆమె మాట్లాడితే ఎండుటాకులు ఊడ్చినట్టు ఒక గరగర తప్ప పలుకు లేదు. అయితే ఆపరేషన్‌కి ముందు కరీంనగర్ నుంచి కూతురు అఖిల వచ్చి, ఎందుకైనా మంచిదని, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి పాటలన్నీ కంప్యూటర్‌లోకి రికార్డు చేసి వెళ్ళింది. ఆ పిల్ల ఒక్కతే ఆ ఇంట్లో తెలివైన పని చేసిందనుకుంటాను. కానీ దాచిన చోటు చూడండి.

రెండు వేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు మూత, బడులు మూత, బస్సులు డిపోల్లో. బొగ్గు గనుల వాళ్ళూ సమ్మెలో ఉండటంతో కరెంటు వచ్చీ పోయీ ఆడుకునేది. ప్రపంచమంతా ఆగినా మా కంపెనీలు ఆగవు కదా. బంద్ రోజున సెలవిచ్చి, ఆ సెలవుని శనివారం పనితో కక్కించేవారు. మా భద్రత గురించి మా మేనేజర్లకి ఎంత దిగులో, రోజుకి రెండు మెయిళ్ళు వచ్చేవి.

నాది తణుకు. అంటే ఆ రోజుల్లో నేను ఆంధ్ర పిల్లని. మేడమీద రెండో అంతస్తులో విశ్వేశ్వరరావు గారు, గుంటూరు మనిషి, ఒక కంపెనీలో టీము లీడరు. ఏం జరుగుతుందోనని భార్యాపిల్లల్ని ఊరికి పంపేసి, తలుపు గొళ్ళెం రెండుసార్లు వేసుకుని బతుకుతున్నాడు. నాకూ లోపల కొంచెం బెరుకుగానే ఉండేది. ఒకరోజు సక్కుబాయమ్మని అడిగేశాను, నేను ఉండొచ్చా అని. ఆమె నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"కొట్లాట పెద్దోళ్ళతోని. నీతోని ఏముంది నాకు? నల్లా వచ్చింది, పోయి నీళ్ళు పట్టుకో" అంది గరగరగా.

ఆ ఏడు బతుకమ్మని ఎప్పుడూ లేనంత ఘనంగా చేయాలని బస్తీ ఉద్యమ కమిటీ జేఏసీ తీర్మానించింది. జేఏసీ అంటే వీరేశం. ప్లాట్లు అమ్మిపెట్టేవాడు, సమ్మెకి వ్యాపారం పడిపోయి ఉద్యమంలోకి పూర్తిగా దిగాడు. సద్దుల బతుకమ్మ రోజుకి బీరువాలంత స్పీకరు బాక్సులు మాట్లాడాడు. పాటలకి అతని దగ్గర ఒక డీజే సీడీ ఉంది. అందులో బతుకమ్మ పాట డప్పుల కింద నలిగి, మధ్యమధ్యలో కుక్కపిల్ల తోక తొక్కినట్టు ఒక కూత వస్తుంది. అది విని సక్కుబాయమ్మ అన్నం సగంలో వదిలి లేచింది.

ఎదురింటి మల్లమ్మ, హైటెక్ సిటీలో ఒక టవరులో హౌస్‌కీపింగ్ పని చేసే మనిషి, ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వీరేశం దగ్గరికి వెళ్ళింది. పేర్ల పాట లేకుంటే మేం ఆడమని చెప్పింది. మల్లమ్మ వాళ్ళమ్మ ఎల్లమ్మ పేరు ఆ పాటలో ఉంది మరి. వీరేశం ఉద్యమకారుడు కాబట్టి ప్రజల మాట విన్నాడు. సద్దుల రోజుకల్లా పాట సీడీ మీదకి వస్తే అదే వేస్తానన్నాడు. రాకపోతే డీజే. సక్కుబాయమ్మ పాట బయటికి రావడమో, ఇక ఎప్పటికీ రాకపోవడమో ఆ డబ్బా మీద ఆధారపడింది.

ఆ డబ్బా సంగతి ఏమంటారా. పొద్దున స్విచ్ వేస్తే తెర మీద పచ్చగడ్డి, నీలాకాశం బొమ్మ కనబడేసరికి లింగమూర్తి గారు స్నానం, పూజ, టిఫిను ముగించుకుని వచ్చేవారు. పాట మీద నొక్కితే ఇసుక గడియారం. ఆ తర్వాత పాట వచ్చేది కానీ, కాస్త పాడి, తట్టుకుని, అదే ముక్క మళ్ళీ పాడి, మళ్ళీ తట్టుకుని ముందుకి నడిచేది. నాలుగైదు చరణాలయ్యాక తెర నల్లబడి మొత్తం ఆగిపోయేది. అప్పుడు లింగమూర్తి గారు అగరుబత్తి వెలిగించి దాని ముందు గుచ్చి, చేతులు కట్టుకుని నిలబడేవారు. అది కాలిపోయాక స్విచ్ వేస్తే బండి మళ్ళీ స్టార్టయ్యేది. ఇంతకంటే రుజువేం కావాలి?

మేడమీద ఇద్దరు సాఫ్ట్‌వేరు వాళ్ళని పెట్టుకుని పరేషాన్ ఎందుకని ఆయన ముందు విశ్వేశ్వరరావు గారి తలుపు తట్టారు. తర్వాత గొళ్ళేలు రెండూ తీసి, తలుపు బెత్తెడు తెరిచి, విశ్వేశ్వరరావు గారు అన్న మొదటి మాట నేను మెట్ల మీద నుంచి విన్నాను.

"జై తెలంగాణ అండి."

"జై తెలంగాణ. మా బండి నడుస్తలేదు, జర చూస్తవా సారూ" అన్నారు లింగమూర్తి గారు.

ప్రాణం కుదుటపడ్డాక విశ్వేశ్వరరావు గారిలోని టీము లీడరు నిద్రలేచాడు. కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, వైరస్ అన్నాడు. వైరస్‌కి ఒక మందు ఎక్కించాడు. మర్నాడు కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది. మొదటి మందు పాతదని రెండోది ఎక్కించాడు, ఆ పైన మూడోది. మూడూ ఒకదాన్నొకటి దొంగ అనుకుని కలబడ్డాయి. ఆ తర్వాత పనికిరానివన్నీ తీసేస్తానని లింగమూర్తి గారి పేకాట తీసేశాడు. ఆ రోజు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

నా వంతు వచ్చింది. డిస్కులో చెల్లాచెదురైన ముక్కల్ని వరసలో పేర్చే పని ఒకటి మొదలుపెట్టాను. తెర మీద ఎరుపు, నీలం, తెలుపు గడులు ఒక్కొక్కటే జరుగుతుంటాయి. లింగమూర్తి గారికి అది తెగ నచ్చింది. కంచం అక్కడికే తెప్పించుకుని, ఎర్ర గడి జరిగినప్పుడల్లా తల ఊపుతూ భోజనం చేశారు. పెరుగన్నం దాకా వచ్చేసరికి డబ్బా ఆగిపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని అగరుబత్తి వెలిగించారు.

ఈ వైద్యాలు జరుగుతున్నన్ని సాయంత్రాలూ మల్లమ్మ, ఆమె వెంట బస్తీ ఆడవాళ్ళు వాకిట్లో కూర్చునేవారు. తంగేడు, గునుగు పూలు విడదీసుకుంటూ, కిటికీలోంచి పాట వస్తుందేమోనని చూసేవారు. వచ్చేది కూడా, దాని పద్ధతిలో.

అద్దాల మేడ కింద... అద్దాల మేడ కింద... అద్దాల మేడ కింద ఉయ్యాలో.
మా జొన్న చేనుండె... మా జొన్న చేనుండె... మా జొన్న చేనుండె ఉయ్యాలో.

నాకు పళ్ళు నూరుకోవాలనిపించేది. వాళ్ళు మాత్రం నింపాదిగా, అది తట్టుకున్న చోటల్లా చప్పట్లు కొడుతూ కూర్చునేవారు. ఆగిపోతే, బండి మళ్ళీ లేచాక ఆగిన చోటి నుంచి. సక్కుబాయమ్మ గడప దగ్గర గోడకి ఆనుకుని, తన గొంతు అలా నత్తిగా రావడం వింటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మనసు చివుక్కుమనేది నాకు. మర్నాడు ఆఫీసులో పనికిరాని వెబ్‌సైటులో పనికిరాని తప్పు ఒకటి పట్టుకుంటే అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో ఒక మనిషి గొంతు చిక్కుకుపోతే నా చేత కాలేదు.

సద్దుల పండుగ దగ్గర పడింది. విశ్వేశ్వరరావు గారు చివరి అస్త్రం పట్టుకొచ్చాడు, ఒక సీడీ. ఫార్మాట్ కొట్టేద్దాం అన్నాడు. వాళ్ళ కంపెనీలో ఏ కంప్యూటర్‌కి ఏం వచ్చినా ఇదే చేస్తారట. సీడీ లోపల పెట్టి మీట నొక్కబోతుంటే సక్కుబాయమ్మ వచ్చి కీబోర్డు మీద అరచెయ్యి వేసింది.

"ఫార్మాట్ అంటే ఏంది?"

"మొత్తం తుడిచేసి కొత్తగా వేయడమండి. కొత్త కంప్యూటర్ అయిపోతుంది."

"నా గొంతు గూడ తుడుస్తవా?"

విశ్వేశ్వరరావు గారు మంచివాడే. ఆ మాటకి జవాబు ఏ సీడీలోనూ లేదని ఆయనకీ తెలిసింది. ముందు పాటలు బయటికి తీయాలండి అని గొణిగి, సీడీ జేబులో పెట్టుకుని, తనది సాఫ్ట్‌వేరు గానీ హార్డ్‌వేరు కాదని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పైన గొళ్ళేలు రెండూ పడ్డాయి.

పాటలు బయటికి తీయడం మాత్రం చేయని ప్రయత్నమా? నా పెన్ డ్రైవ్ పెట్టి కాపీ మీద నొక్కితే, పన్నెండు నిమిషాలు పడుతుందని చెప్పేది. కాసేపటికి మూడు గంటలనేది. ఇంకాసేపటికి ఒక్క నిమిషం అనేది. మా మేనేజరు కూడా అంత ధీమాగా గడువులు మార్చలేడు. ఏదో ఒక మాట మీద నిలబడకముందే ఆగిపోయేది. పెన్ డ్రైవ్‌లో చూస్తే ఏమీ ఉండేది కాదు. మరో కంప్యూటర్‌కి తగిలించి చూద్దాం, డబ్బా విప్పుదామంటే లింగమూర్తి గారు సీలు వైపు చూపించి రెండు చేతులూ జోడించేవారు.

ఆ రోజు కూడా కాపీ సగంలో ఆగింది. విసుగొచ్చి ఆ డబ్బా మీద ఆనుకుని లేవబోయాను. లేసు కవరు మీద నుంచే అరచెయ్యి చుర్రుమంది. దోసె వేసుకోవచ్చు. ఇంతకాలం దాన్ని కవరు తీసి ముట్టుకున్నవాళ్ళు లేరు మరి. తీయనివ్వని ఆయన ముందుగదిలోనే కూర్చుని ఉంటారు కాబట్టి. ఆ నిమిషం ఆయన వాకిట్లో వీరేశంతో స్పీకరు బాక్సుల గురించి మాట్లాడుతున్నారు. కవరు లాగేశాను.

డబ్బా వెనక గోడ మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ, కంచమంత. వేలితో తీస్తే కుంకుమ. లింగమూర్తి గారు లోపలికి వచ్చి, కవరు లేని బండిని చూసి ఒక్క క్షణం తల తిప్పుకున్నారు, ఎవరో స్నానం చేస్తుంటే చూసినట్టు. గోడ మీద ఆ మచ్చ ఏమిటని అడిగాను. అమ్మవారి మహిమ అన్నారు. రెండేళ్ళ నుంచీ ఉందట. అప్పటి నుంచే పూజ పెంచారట.

లోపల ఫ్యాను ఉంటుందనీ, గాలి ముందు నుంచి లాగి వెనక నుంచి వదులుతుందనీ, ఆయన పూజ మొత్తం లోపలికి వెళ్ళి వెనక నుంచి వస్తోందనీ నచ్చజెప్పాను. విప్పి చూడాలన్నాను. ఆయన వినరు. సీలు తెంపిన డ్రైవరు అన్న పేరు ఈ వయసులో వద్దన్నారు. ఏ డిపో మేనేజరు వచ్చి చూస్తాడని నేను గొంతు పెంచాను. ఆయనా పెంచారు.

మా ఇద్దరి మధ్యలోంచి సక్కుబాయమ్మ వచ్చి డబ్బా ముందు కూర్చుంది. గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసింది. సీలు మీది బొట్టుని కొంగుతో శుభ్రంగా తుడిచి, కళ్ళకద్దుకుని, పిన్నీసు మొనతో ఆ కాగితాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి చీరేసింది.

"సస్పెన్షన్ రాసుకో" అంది భర్తతో.

రేకు తీశాం. లోపల కంప్యూటర్ లేదు, గుడి ఉంది. అడుగున బూడిద మెత్తగా పరుపులా పడి ఉంది. అందులో అక్షింతలు, ఎండిన మల్లెరేకులు. ఫ్యాను రెక్కలకి అగరుబత్తి జిడ్డు, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ, పొరలు పొరలుగా గట్టిపడి పోయాయి. ఫ్యాను కింద సన్నని అల్యూమినియం రేకులు ఉండాలి, ఎర్రటి ముద్ద తప్ప ఏమీ కనిపించడం లేదు. కర్పూరం వాసన గుప్పుమని కొట్టింది.

లింగమూర్తి గారు వంగి చూశారు. ఆ సన్నని రేకుల మధ్య గోరు పెట్టి గీకి, గోరు చూసుకున్నారు.

"రేడియేటర్ జామ్ అయింది" అన్నారు, మెల్లగా. "బండి హీటెక్కుతది. అగరుబత్తి కాలేసరికి సల్లబడతది, మల్ల స్టార్టయితది. థూ నీ."

సర్వీసంతా బస్సు బానెట్ ఎత్తి నీళ్ళు చూసుకోకుండా సీటెక్కని మనిషి, ఇంట్లో బండికి రేడియేటర్ మూసి, పైన దుప్పటి కప్పి, ముందు పొగ పెట్టి, ఎందుకు నడవవని దేవుణ్ణి అడిగాడు. ఈ మాట నేను అనలేదు, అనాలని నాలుక దురద పెట్టినా అనలేదు. ఆయన మొహం చూస్తే జాలేసింది. లేచి వెళ్ళి పాత పళ్ళ బ్రష్షు, సైకిలు పంపు తెచ్చుకున్నారు. ఫ్యాను విప్పదీసి, ఒక్కొక్క రెక్క తుడిచి, రేకుల మధ్య పంపుతో గాలి కొట్టారు. ఎర్రటి దుమ్ము లేచి మా ముగ్గురి జుట్టూ హోలీ ఆడినట్టయింది. బూడిదని మాత్రం పారేయలేదు, కాగితంలో పొట్లం కట్టి తులసికోటలో పోశారు.

విశ్వేశ్వరరావు గారి మూడు మందులూ తీసేసి స్విచ్ వేశాను. పచ్చగడ్డి వచ్చింది. లింగమూర్తి గారు స్నానానికి లేవబోయి, అవసరం లేదని గ్రహించి మళ్ళీ కూర్చున్నారు. పాట మీద నొక్కాను. సక్కుబాయమ్మ గొంతు వచ్చింది, నత్తి లేకుండా, నిండుగా, ఒక చరణం మీద ఇంకో చరణం వరుసగా. ఆమె తల పక్కకి వంచి విన్నది. ఆమె కళ్ళు నిండాయి, నావీ నిండాయి. దాచుకోవడానికి ఏముంది?

"నేను గింత జల్ది పాడుతుంటినా?" అంది.

సద్దుల రోజు సాయంత్రం మైదానంలో బతుకమ్మలు దిగాయి. కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా వచ్చి ఫొటోలు తీసుకున్నారు. వీరేశం ఉపన్యాసం ఇచ్చాడు, అది పాట కంటే పొడవు. ఆ తర్వాత నేను పాట ఎక్కించి ఇచ్చిన సీడీ పెట్టాడు, బాక్సుల్లోంచి సక్కుబాయమ్మ గొంతు లేచింది. మల్లమ్మ మొదటి చప్పట కొట్టింది, ఆడవాళ్ళు వంగి అందుకున్నారు.

అందుకున్నారు సరే. అద్దాల మేడ కింద, అద్దాల మేడ కింద, అద్దాల మేడ కింద ఉయ్యాలో అన్నారు. అప్పటికి బాక్సుల్లో సక్కుబాయమ్మ రెండు చరణాలు దాటి ఎల్లమ్మ నవ్వు దగ్గర ఉంది. వాళ్ళు జొన్న చేనుని మూడుసార్లు తిరిగేసరికి ఆమె ఎవరి బావి దగ్గరికో వెళ్ళిపోయింది. ఇన్ని సాయంత్రాలు కిటికీ కింద కూర్చుని పాట నేర్చుకున్నారు కదా, కంప్యూటర్ ఎలా పాడితే అలాగే నేర్చుకున్నారు. వరస తప్పింది, అడుగులు తప్పాయి, ఒకరినొకరు గుద్దుకున్నారు. వీరేశం డీజే సీడీ చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. ఇంత చేసి బాగుచేసింది ఇందుకా అనిపించింది.

అప్పుడు కరెంటు పోయింది.

బాక్సులు మూగబోయాయి. పోయింది తమ సమ్మె వల్లే కాబట్టి వీరేశం తిట్టలేకపోయాడు. ఇది ఉద్యమ విజయం, చప్పట్లు కొట్టండని అరిచాడు. ఎవరూ అతని మాట వినలేదు, ఎందుకంటే ఆడవాళ్ళు అప్పటికే చప్పట్లు కొడుతున్నారు. ముందుకి ఉరికే పాట ఆగిపోయింది కదా, వాళ్ళ పాట వాళ్ళకి దొరికింది. ఒక్కో ముక్కా మూడుసార్లు, తొందర లేకుండా, అడుగు మీద అడుగు. ఎల్లమ్మ నవ్వుండె, ఎల్లమ్మ నవ్వుండె, ఎల్లమ్మ నవ్వుండె ఉయ్యాలో. మల్లమ్మ తల్లి పేరు పాడుతూ ఏడుస్తూనే ఆడింది. ఒక్క పేరు కూడా తప్పిపోలేదు. మధ్యలో ఎక్కడైనా తడబడితే, బతుకమ్మల పక్కన కూర్చున్న సక్కుబాయమ్మ ఆ గరగర గొంతుతోనే తర్వాతి మాట అందించింది. దగ్గరున్న ఇద్దరు వింటే చాలు, మూడోసారికి అందరికీ చేరిపోయేది.

వీరేశం సీడీని జేబులో పెట్టుకున్నాడు. విశ్వేశ్వరరావు గారు మేడమీద కిటికీలోంచి చూసి చూసి, గొళ్ళేలు రెండూ తీసుకుని కిందికి వచ్చి, సద్దులు తిని వెళ్ళాడు.

దసరా నాడు లింగమూర్తి గారు బొట్టు పళ్ళెం పట్టుకుని డబ్బా ముందు చాలాసేపు తచ్చాడారు. చివరికి తెర అంచున, ఫ్యానుకి దూరంగా, ఆవగింజంత కుంకుమ పెట్టారు. అగరుబత్తి వాకిట్లో వెలిగించి, బండికి అక్కడి నుంచే దండం పెట్టారు. కవరు మళ్ళీ కప్పలేదు. ఆ లేసు గుడ్డ ఇప్పుడు మిక్సీ మీద ఉంది, దాని గతి ఏమవుతుందో చూడాలి.

రెండేళ్ళ తర్వాత ఒక బతుకమ్మకి యూనివర్సిటీ నుంచి పరిశోధకుడొకాయన రికార్డరు పట్టుకుని వచ్చాడు. మూడు సాయంత్రాలు కూర్చుని విన్నాడు. ఒక్కో పాదాన్ని ముమ్మారు పలికే ఈ పద్ధతి కొండాపూర్‌లో తప్ప ఎక్కడా లేదనీ, బహుశా కాకతీయుల నాటి ఆచారపు అవశేషమనీ నాకు వివరించాడు. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. లింగమూర్తి గారు గోడ వైపు తిరిగారు. పరిశోధకుడు సక్కుబాయమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇది ఎప్పటి నుంచి ఉందమ్మా అని అడిగాడు.

వాకిట్లో మల్లమ్మ కోడలు, ఎప్పుడూ సక్కుబాయమ్మ అసలు గొంతు వినని కొత్త పిల్ల, పేర్ల పాట పాడుకుంటూ గునుగు పూలకి రంగు వేస్తోంది. మూడేసిసార్లు, తప్పు లేకుండా. సక్కుబాయమ్మ ఆ పిల్ల వైపు చూసింది.

"నా గొంతు పోయినప్పటి నుంచి, సారూ" అంది.

ఆయన అది రాసుకోలేదు. రికార్డరులో ఆ గరగర పడలేదట, మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పలేదు.